చేపతో పాటు ఐసు కూడా పంపండి

విండోస్ 10కి మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14న నీళ్ళొదిలేసింది. అప్పట్నుంచీ మా ఏలూరు నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. "మన కంప్యూటర్లో పదకొండు ఎక్కదంటున్నాడ్రా, కొత్తది కొనాల్సిందేనా?" అని. కొనక్కర్లేదు, నిక్షేపంలాంటి మెషీను, లినక్సు వేసుకుంటే ఇంకో ఐదేళ్ళు లాగించొచ్చు అని చెప్తాను. అంతవరకూ బానే ఉంటుంది. ఆ తరవాత వచ్చే ప్రశ్నకే గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది: "మరి అందులోకి సాఫ్టువేర్లు ఎలా ఎక్కించుకోవాలి?"

చూడ్డానికి చిన్న ప్రశ్న. లినక్సు లోకం ఇన్నేళ్ళయినా దీనికి సూటిగా జవాబు చెప్పదు. నీది ఉబుంటునా, ఫెడోరానా? ఉబుంటు అయితే ఏ నంబరు? డెబ్ కావాలా, స్నాప్ కావాలా, ఫ్లాట్‌పాక్ కావాలా? పీపీఏ కలిపావా? సుడో పాస్‌వర్డు ఉందా? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని కులగోత్రాలు అడగరు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్క ముక్క. డెస్కుటాప్ సాఫ్టువేరు అంటే ఒక్క ఫైలు. దించుకోవాలి, రెండుసార్లు నొక్కాలి, నడవాలి. వద్దనుకుంటే డిలీట్ కొట్టాలి. పక్కవాడికి కావాలంటే పెన్‌డ్రైవులో వేసి ఇవ్వాలి. ఇన్‌స్టలేషనూ అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, దానికి యాప్‌ఇమేజ్ అని పేరు కూడా ఉంది. కావల్సిందల్లా మన లినక్సు గురువులు దాన్ని సవతి బిడ్డలా చూడ్డం మానెయ్యడమే.

ఉదాహరణ లేకుండా వాదిస్తే గాల్లో కత్తి తిప్పినట్టుంటుంది కాబట్టి ఒకటి చెప్తాను. మా పెదనాన్నగారబ్బాయికి ఏలూరు పవర్‌పేటలో డీటీపీ షాపుంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు ఆయన పని. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఆయన ఆయుధాలు. పేజ్‌మేకర్ ఏడు 2001లో వచ్చింది, ఎనిమిది ఎప్పటికీ రాలేదు. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడు కాదు. ఆ ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే పెళ్ళికూతురి పేరు కూడా పిచ్చి గీతల్లా కనపడుతుంది. రాష్ట్రంలో ఎన్ని డీటీపీ షాపులు ఇలా నడుస్తున్నాయో మీకూ తెలుసు.

దీనికి లినక్సులో స్క్రైబస్ అనే మంచి సాఫ్టువేరుంది. కాకపోతే 1.4 సిరీసులో తెలుగు ఒత్తులు సరిగ్గా పడవు. శుభలేఖ మొదలయ్యేదే "శ్రీరస్తు శుభమస్తు" తోటి. మొదటి అక్షరమే విరిగిపోతే ఇంకేం శుభం? 2017లో వచ్చిన 1.5.3లో అక్షరాలు పేర్చే పద్ధతి మొత్తం మార్చి, మన లిపుల్లాంటి వాటిని కూడా సరిగ్గా చూపించేలా చేశారు. బ్రహ్మాండం. మరుసటి ఏడాది, అంటే 2018 ఏప్రిల్లో, ఉబుంటు 18.04 వచ్చింది. అందులో స్క్రైబస్ అని కొట్టి ఇన్‌స్టాల్ చేస్తే వచ్చిందేంటో తెలుసా? 1.4 సిరీసే.

ప్యాకేజీ పెట్టినవాళ్ళని తిట్టడానికి లేదు. 1.5 అప్పటికి డెవలప్‌మెంటు సిరీసు, స్టేబుల్ అంటే 1.4 కాబట్టి అదే పెట్టారు. వాళ్ళ లెక్క వాళ్ళకి కరెక్టే. కానీ ఆ స్టేబుల్‌తో తెలుగు శుభలేఖ వెయ్యలేం! స్టేబుల్‌గా 1.6 వచ్చింది 2024లో. అప్పటిదాకా ఏలూరులో పెళ్ళిళ్ళు ఆపుకోమంటారా?

ఆ రోజుల్లో మా అన్నయ్య పని జరిగిందంటే కారణం, స్క్రైబస్ వాళ్ళు తమ సైట్లోనే 1.5ని యాప్‌ఇమేజ్‌గా కూడా పెట్టడం. నేను హైదరాబాదులో దించి, పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళి, ఆయన హోం ఫోల్డర్లో వేశాను. నడిచింది. ఉబుంటు మార్చలేదు, పాత స్క్రైబస్ తియ్యలేదు, ఒక్క లైబ్రరీ కదపలేదు. ఇదే విషయం ఒక గురువుగారికి చెప్తే "అలా చెయ్యకూడదు, డిస్ట్రో అప్‌గ్రేడ్ చేసుకోవాలి" అన్నారు. అయ్యా, మాఘమాసం ముహూర్తాల్లో రోజుకి పది శుభలేఖలు వేసేవాడు ఆపరేటింగ్ సిస్టం మార్చుకుంటూ కూచుంటాడా?

సరే, ఇది లోపల ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళకి మా కొల్లేరు భాషలో చెప్తాను. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టిన చేప లారీలెక్కి బెంగాలు, అస్సాం దాకా పోతుంది. పెట్టెలో చేపతో పాటు ఐసు కొట్టి పొరలు పొరలుగా వేస్తారు. ఏం, హౌరాలో ఐసు దొరకదా? దొరుకుతుంది. అయినా అక్కడ దొరుకుతుందిలే అని ఇక్కణ్ణుంచి వట్టి చేపని ఎండలో పంపే వ్యాపారి ఉండడు. లినక్సు ప్యాకేజీ పద్ధతి సరిగ్గా అదే పని చేస్తుంది. చేపని ఒంటరిగా పంపి, "ఐసు ఆ ఊళ్ళో ఉన్నదే వాడుకో, కాకపోతే అది 2.31 రకం ఐసే అయ్యుండాలి" అంటుంది. లేదంటే మొత్తం లోడు వెనక్కి. యాప్‌ఇమేజ్ అంటే చేపా ఐసూ ఒకే పెట్టెలో. ప్రోగ్రామూ దానికి కావల్సిన లైబ్రరీలూ కలిపి కుదించిన ఒక డిస్కు ఇమేజి, దాని నెత్తిన చిన్న రన్‌టైము. నొక్కగానే ఆ ఇమేజిని తాత్కాలికంగా మౌంటు చేసి ప్రోగ్రాము నడుపుతుంది, మూసెయ్యగానే దులుపుకుని పోతుంది.

ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. సైమన్ పీటర్ అనే ఆయన 2004లోనే క్లిక్ అనే పేరుతో మొదలెట్టాడు. పోర్టబుల్ లినక్స్ యాప్స్ అని పేరు మారి, ఆ తరవాత యాప్‌ఇమేజ్ అయింది. విండోస్ వాళ్ళకి పెన్‌డ్రైవులో మోసుకెళ్ళే పోర్టబుల్ ఫైర్‌ఫాక్సు వచ్చిందీ 2004లోనే. వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, మనం చర్చలు పెట్టుకున్నాం.

మామూలువాళ్ళు చెప్తే వినరు, సరే. లైనస్ టోర్వాల్డ్స్ చెప్పినా వినలేదు. 2014లో డెబియన్ వాళ్ళ సభలోనే, డెబ్‌కాన్ఫ్‌లో, వాళ్ళ మొహమ్మీదే చెప్పాడాయన. సబ్‌సర్ఫేస్ అని తను మొదలెట్టిన ప్రాజెక్టుకి విండోస్‌కీ మాక్‌కీ బైనరీలు ఇస్తున్నాం, లినక్సుకి ఇవ్వడం మాత్రం నరకంగా ఉంది అని. లినక్సు పుట్టించిన మనిషికే లినక్సులో సాఫ్టువేరు పంచడం కష్టమైతే, పవర్‌పేట డీటీపీ ఆపరేటరు గతేంటి? తరవాత సబ్‌సర్ఫేస్ కూడా యాప్‌ఇమేజ్‌గా వచ్చింది లెండి.

డిస్ట్రోలు మాత్రం అడుగడుగునా పుల్లలు పెడుతూనే ఉన్నాయి. ఉబుంటు 22.04లో లిబ్‌ఫ్యూజ్2 అనే చిన్న లైబ్రరీని ముందే వేసి ఇవ్వడం ఆపేశారు. అప్పటి యాప్‌ఇమేజ్‌లకి అది కావాలి. ఫలితం? రెండుసార్లు నొక్కితే ఏమీ అవ్వదు. తప్పుంది అనైనా చెప్పదు. టెర్మినల్ తెరిస్తే తప్ప కారణం కనపడదు. 24.04లో అప్‌ఆర్మర్ నిబంధనలు బిగించారు. ఎలక్ట్రాన్‌తో కట్టిన చాలా యాప్‌ఇమేజ్‌లు శాండ్‌బాక్సు గోల పెట్టి చచ్చిపోయాయి. రెంటికీ వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. కానీ ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇంకోటి వినండి, నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవు పెడితే ఉబుంటు లాంటి డెస్కుటాపుల్లో దాన్ని ఎలా మౌంటు చేస్తారంటే, ఫైలు పేరు చివర ఈఎక్స్‌ఈ, కామ్, బ్యాట్ అని ఉన్నవాటికే నడిచే హక్కు ఉంటుంది. అంటే లినక్సు మెషీన్లో, పెన్‌డ్రైవు మీదున్న విండోస్ ప్రోగ్రాముకి నడిచే హక్కుంది, లినక్సు ప్రోగ్రాముకి లేదు :) హోం ఫోల్డర్లోకి కాపీ చేసి, ప్రాపర్టీస్‌లో టిక్కు పెట్టి, అప్పుడు నొక్కాలి. తెలిసినవాడికి అరనిమిషం పని. తెలియనివాడు మాత్రం అక్కడే ఆగిపోతాడు.

"స్నాప్, ఫ్లాట్‌పాక్ ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. రెండూ 2016 నుంచి జనంలోకొచ్చాయి. శాండ్‌బాక్సు విషయంలో అవి యాప్‌ఇమేజ్ కంటే మెరుగని ఒప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు. కానీ రెండూ దుకాణం చుట్టూ కట్టినవే. స్నాప్ దుకాణం సర్వరు కోడు కెనానికల్ చేతిలోనే ఉంది, బయటపెట్టలేదు. ఫ్లాట్‌పాక్ నయం, ఎవరైనా సొంత దుకాణం పెట్టుకోవచ్చు, పెన్‌డ్రైవుకి ఎక్కించే కమాండు కూడా ఉంది. కానీ అవతలి మెషీన్లో ఫ్లాట్‌పాక్ ముందే ఉండాలి, రన్‌టైములు దిగాలి. అవి వందల ఎంబీలు.

"ఈ రోజుల్లో నెట్టు లేనిదెవరికి?" ఇది హైటెక్ సిటీలో కూచుని అడిగే ప్రశ్న. నిజమే, 2016లో జియో వచ్చాక కొల్లేటి లంకల్లో కూడా ఫోన్లో సినిమా చూస్తున్నారు. కానీ అది ఫోన్లో నెట్టు. కంప్యూటరుకి హాట్‌స్పాటు పెట్టి, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకులో లైబ్రరీలు దించుతూ కూచుంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. పైగా అసలు అడ్డం నెట్టు కాదు, పాస్‌వర్డు.

గూడెంలో, అదే తాడేపల్లిగూడెంలో, ఒక కాలేజీ పిల్లలకి (పేరెందుకు లెండి) ఓసారి ఫ్రీక్యాడ్ మీద గంటసేపు చెప్పమన్నారు. ల్యాబులో మెషీన్లన్నీ లినక్సే, సంతోషించాను. అందులో ఉన్న ఫ్రీక్యాడ్ పాతది. అప్‌డేట్ చేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డు తెలిసిన ఒక్కాయనా సెలవులో ఉన్నారు. ల్యాబు చూసుకునే మేడంగారి అనుమతి తీసుకుని, ఫ్రీక్యాడ్ వాళ్ళే ఇచ్చే యాప్‌ఇమేజ్‌ని నాలుగు పెన్‌డ్రైవుల్లో వేసి పిల్లలకిచ్చాను. పావుగంటలో అందరి దగ్గరా నడిచింది. "సార్, ఇది ఇంటికి తీసుకెళ్ళొచ్చా?" అని ఒక పిల్ల అడిగింది. తీసుకెళ్ళొచ్చమ్మా, ఇది స్వేచ్ఛా సాఫ్టువేరు, అన్నాను. నాలుగు స్వేచ్ఛల్లో ఒకటి పక్కవాడికి కాపీ ఇచ్చే స్వేచ్ఛ అని పుస్తకాల్లో ఉంటుంది. చేతిలో పెట్టి ఇవ్వడానికి ఒక వస్తువంటూ లేకపోతే ఆ స్వేచ్ఛ కాగితం మీదే ఉంటుంది. ఆప్ట్ కమాండుని పక్కవాడి చేతిలో పెట్టలేం కదా.

జనానికి ఈ పద్ధతి నేర్పక్కర్లేదు కూడా. 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించేదాకా మన ఊళ్ళలో షేర్‌ఇట్, జెండర్ వాడి ఫోన్లోంచి ఫోన్లోకి ఏపీకే ఫైళ్ళు పంచుకోనివాడెవడు? ఇంకా వెనక్కి వెళ్దాం. తెలుగువాళ్ళు నెట్లో తెలుగు రాయడం మొదలెట్టింది దేనితో? లేఖినితో. నెట్ సెంటర్లో విండోస్ ఎక్స్‌పీకి తెలుగు నేర్పాలంటే ఎక్స్‌పీ సీడీ అడిగేది. సీడీ ఓనరు దగ్గర, ఓనరు ఎక్కడో. వీవెన్ గారి లేఖిని ఏమీ అడగలేదు. పేజీ తెరువు, ఆర్టీయస్‌లో కొట్టు, తెలుగు తీసుకో. అంతకంటే సౌకర్యాలెక్కువున్న సాఫ్టువేర్లు అప్పుడూ ఉన్నాయి. గెలిచింది మాత్రం ఇన్‌స్టాల్ అక్కర్లేనిది. ఈ పాఠం మన కళ్ళముందే జరిగింది, అయినా డెస్కుటాపు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాం.

ఇప్పుడు అవతలివాళ్ళ గట్టి వాదన చూద్దాం. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పి అనే బొమ్మల లైబ్రరీలో పెద్ద కంత బయటపడింది. ఉమ్మడి లైబ్రరీ వాడే ప్రోగ్రాములకైతే డిస్ట్రో ఒక్క అప్‌డేట్ ఇస్తే అన్నీ బాగుపడ్డాయి. సొంత కాపీ మోసుకు తిరిగేవి మాత్రం ఒక్కొక్కటీ మళ్ళీ కట్టాల్సొచ్చింది. కట్టనివి ఇప్పటికీ ఆ కంతతోనే ఉన్నాయి. నిజం, కాదనను.

కొల్లేరు చూసినవాడికి ఈ వాదన ఇంకా బాగా ఎక్కుతుంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రాంసర్ జాబితాలో చేరింది. అయినా ఎవరికి వాళ్ళు గట్టు వేసుకుని చెరువు చేసుకుంటూ పోయారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు దాకా పోయే దారి మూసుకుపోయింది, వానలొస్తే ఊళ్ళు మునిగాయి. 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టాల్సొచ్చింది. ఆ గట్ల మీద బతికినవాళ్ళ గోడు ఇంకో కథ. ఎవడి చెరువు వాడిదే అంటే ఉమ్మడి సరస్సు ఏమవుతుందో మా వైపు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే నేను గట్లు కట్టమనడంలేదు, పెట్టెలో ఐసు వెయ్యమంటున్నాను. రెంటికీ తేడా ఉంది. గ్లిబ్‌సి, గ్రాఫిక్సు డ్రైవర్లు, ఫాంట్లు, బ్రౌజరు ఇవన్నీ సరస్సు. ఇవి ఉమ్మడిగా ఉండాలి, డిస్ట్రోనే చూసుకోవాలి. యాప్‌ఇమేజ్ వాళ్ళ దగ్గర కూడా ఏవి పెట్టెలో వెయ్యకూడదో ఒక జాబితాయే ఉంది. ఆ సరస్సు మీద నడిచే స్క్రైబస్, ఫ్రీక్యాడ్, కృత లాంటివి పెట్టెలు. రోజూ నెట్టులో ఊరేగే బ్రౌజరుని యాప్‌ఇమేజ్‌గా వాడమని నేను ఎవరికీ చెప్పను. శుభలేఖ వేసే సాఫ్టువేరుకి మాత్రం, కంతల భయం కంటే అసలు "శ్రీ" రాకపోవడమే పెద్ద ప్రమాదం. వాడలేని సాఫ్టువేరు ఎంత భద్రంగా ఉంటే ఏం లాభం?

డిస్ట్రోల వైపు చీవాట్లు అయ్యాయి కాబట్టి పెట్టెలు కట్టేవాళ్ళకీ రెండు అక్షింతలు. చాలామంది తమ మెషీన్లో, ఇంగ్లీషులో, ఒక్కసారి నడిపి చూసి వదిలేస్తారు. క్యూటీతో కట్టినవాటిలో ఐబస్ ప్లగిన్ పెట్టెలో వెయ్యడం మర్చిపోతే కథ ముగిసినట్టే. ప్రోగ్రాము తెరుచుకుంటుంది, మెనూలన్నీ ఉంటాయి, తెలుగు మాత్రం టైపు అవ్వదు. కీబోర్డు మారినట్టు పైన కనపడుతుంది, కింద ఇంగ్లీషే పడుతుంది. అక్షరాలు పేర్చే లైబ్రరీ పాతది వేస్తే ఒత్తులు పక్కకి జారతాయి. వాడికి తెలీదు, ఎందుకంటే వాడు తెలుగు కొట్టి చూడలేదు. ఎవరు కొట్టి చూడాలి మరి? మనమే.

కాబట్టి ఇది చదువుతున్న సాఫ్టువేరు జనాలకి నా విన్నపం. జీతం కోసం రోజూ డాకర్ కంటైనర్లు కడుతున్నాం. అంటే ఏంటి? ప్రోగ్రాముతో పాటు దానికి కావల్సినవన్నీ ఒకే పెట్టెలో. ఆఫీసు సర్వరుకి ఆ సుఖం కావాలి, ఏలూరు డీటీపీ ఆపరేటరుకి మాత్రం డిపెండెన్సీలు పోరాడి తెచ్చుకోవడమే సంస్కారం! ఈ రెండు నాలుకల ధోరణి ముందు మానాలి.

మీదగ్గర ఓపెన్ సోర్సు డెస్కుటాప్ ప్రాజెక్టేదైనా ఉంటే యాప్‌ఇమేజ్ కూడా ఇవ్వండి. మీ ల్యాప్‌టాపులోని కొత్త డిస్ట్రోలో కట్టకండి. జనం వాడుతున్న వాటిలో పాత ఎల్‌టీఎస్‌ని కంటైనర్లో తెరిచి అందులో కట్టండి. పాత గ్లిబ్‌సి మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవదు. లిబ్‌ఫ్యూజ్2 అడగని కొత్త రన్‌టైము వచ్చింది, అదే వాడండి. పక్కనే చెక్‌సమ్ పెట్టండి, పెన్‌డ్రైవులో చేతులు మారినా అసలుదో కాదో సరిచూసుకోవచ్చు. పెట్టెలోని లైబ్రరీలో కంత పడిందని తెలిస్తే అదే వారం మళ్ళీ కట్టండి. ఆ ఓపిక లేకపోతే పెట్టె కట్టకండి.

ప్రాజెక్టు లేనివాళ్ళు ఇంకా సులువైన పని చెయ్యొచ్చు. మీరు వాడే సాఫ్టువేరు యాప్‌ఇమేజ్ ఒకటి దించండి. అందులో "శ్రీ", "స్త్రీ", "లక్ష్మి" అని మూడు మాటలు కొట్టండి. కొట్టనిస్తోందా, సరిగ్గా కనపడుతోందా, సేవ్ చేసి తెరిస్తే అలాగే ఉందా చూడండి. లేకపోతే స్క్రీన్‌షాటు పెట్టి బగ్గు రాయండి. ఇంగ్లీషులో రెండు లైన్లు చాలు. తెలుగు రాయడం రానివాడు ఈ బగ్గు పట్టుకోలేడు. మన ఒత్తు విరిగిందని మనం చెప్పకపోతే ఇంకెవడూ చెప్పడు.